మంచమెక్కిన కాలేయం

పెద్దాసుపత్రికి ఆ యంత్రం వచ్చిన రోజున దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎవరూ ముట్టుకోకుండా ప్లాస్టిక్ దుప్పటి కప్పారు. అది ఏం చేస్తుందో ఆసుపత్రిలో సరిగ్గా తెలిసింది ఇద్దరికే. ఒకరు కాలేయ మార్పిడి చేసే సర్జన్ డాక్టర్ దేవదానం. రెండోవారు కోఆర్డినేటర్ మణిమాల. అవయవం ఇచ్చే కుటుంబానికీ పుచ్చుకునే కుటుంబానికీ, డాక్టర్లకీ అంబులెన్సులకీ మధ్య నిలబడి అందరిచేతా మాట పడడం ఆవిడ ఉద్యోగం.

అడిగినవాళ్ళకి మణిమాల ఇలా చెప్పేది: "ఇదివరకు కాలేయాన్ని ఐసుపెట్టెలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళం. కొంచెం కొవ్వు పట్టిన కాలేయమైతే ఆ చలికి తట్టుకోలేక పాడైపోయేది. కొత్త పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఐసు మానేసి ఒంటి వేడిలో రక్తం ఎక్కిస్తూ ఉంచితే అది బయట కూడా బతుకుతుంది. ఇంకా మనిషి కడుపులోనే ఉన్నాననుకుని దాని పని అది చేసుకుపోతుంది."

బతుకుతుంది అన్న మాట అనకుండా ఉండాల్సిందని ఆవిడకి తరవాత చాలాసార్లు అనిపించింది.

ఆ యంత్రం కోసం మూడో వార్డులో ఎదురుచూస్తున్నవాడు పైడిరాజు. పెళ్ళి వంటల మేస్త్రి. ఎప్పుడో ఒంట్లో దూరిన కామెర్ల వైరస్ చడీచప్పుడూ లేకుండా అతని కాలేయాన్ని కొరుక్కుతినేసింది. జీవితంలో చుక్క ముట్టని మనిషి. అయినా వార్డులోకొచ్చిన ప్రతి డాక్టరూ ముందుగా "రోజుకెంత తాగేవాడివి?" అనే అడిగేవాడు. మొదట్లో "ముట్నేదు బాబూ" అని చెప్పుకునేవాడు. ఎవరూ నమ్మకపోయేసరికి విసుగెత్తి, "తవరి దయ, ఎంతో కొంత రాసుకోండి" అనడం మొదలెట్టాడు. ఇప్పుడు ఆ మాట అనే ఓపిక కూడా లేదు. కళ్ళు పసుపుముద్దలు, కడుపు కుండ. మాట మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయి, ఏ పెళ్ళి పందిట్లోనో తేలేవాడు. అతని భార్య అప్పలనరసమ్మ మంచం పక్కనే కూచుని, ఆయన ఏ పందిట్లో ఉంటే ఆ పందిట్లోకే వెళ్ళి మాట్లాడేది.

"నరసా, బూందీ పాకం ముదిరిపోతంది సూడు."

"దింపీసేను మావా. నువ్ పడుకో."

ఆషాఢంలో ఒక ఉదయం, వార్డులో ఇడ్లీలు పంచే వేళకి, గోదావరి అవతల నుంచి ఒక కాలేయం వచ్చింది. బండి మీంచి పడిన ఒక కుర్రాడిది. మెదడు పనిచెయ్యడం ఆగిపోయిందని తేలాక, వాళ్ళమ్మ గుండె రాయి చేసుకుని ఒప్పుకుంది. కాలేయానికి కాస్త కొవ్వు పట్టిందని రెండు ఆసుపత్రులు వద్దన్నాయి. దేవదానం కావాలన్నాడు. ప్లాస్టిక్ దుప్పటి తీసి, కింది అంతస్తులో ఒక గదిలో యంత్రాన్ని నడిపించి, కాలేయాన్ని అందులో పెట్టాడు. పాలిపోయి ఉన్నది కాసేపటికి ఎర్రబడింది. ఇంకాసేపటికి సన్నటి గొట్టంలోంచి చిక్కటి పసరు రంగు బొట్టు జారింది. అది పైత్యరసం. దేవదానం ముప్ఫై ఏళ్ళ సర్జరీలో నోరు తెరిచి చూసింది తక్కువ. ఆ బొట్టుని మాత్రం అలాగే చూశాడు.

"మధ్యాహ్నం దాకా దీని తీరు చూద్దాం. బాగుంటే ఆపరేషన్ మొదలెడదాం. నువ్వు ఆక్సిజన్ సంగతి చూడమ్మా. యంత్రంతో వచ్చిన సిలిండరు ఎక్కువసేపు రాదు" అన్నాడు.

మణిమాల స్టోరుకి వెళ్ళింది. స్టోరతను పరిపాలనాధికారి దగ్గరికి పంపాడు.

పరిపాలనాధికారి విశ్వపతి గారు పైసా లంచం ముట్టని మనిషి. అంతకన్నా ఇబ్బంది, నిబంధనల్ని ప్రేమించే మనిషి. ఇంట్లో పిల్లలు పద్యాలు అప్పజెప్పినట్టు ఆయన జీవోలు అప్పజెప్పేవారు. మణిమాల చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆక్సిజన్ సరఫరా ఇన్‌పేషెంట్లకు మాత్రమే పరిమితం. సదరు కాలేయం ఇన్‌పేషెంటా?"

"కాదండి. పైడిరాజు గారి పేరు మీద ఇప్పించండి. ఆయనకోసమే కదా."

"పైడిరాజు రెండో అంతస్తులో ఉన్నాడు. యంత్రం కింద ఉంది. ఒకే మనిషి ఒకే సమయంలో రెండు అంతస్తుల్లో గాలి పీల్చాడని ఆడిటువారికి మనవి చేసుకోమంటారా?"

ఆయన కళ్ళు తెరిచారు.

"కాలేయం బతికి ఉందా?"

"ఉందండి."

"మన సంస్థలో వైద్యసేవ పొందుతోందా?"

"పొందుతోందండి."

"స్థలం ఆక్రమించిందా?"

"ఒక గదండి."

"బతికి ఉండి, వైద్యసేవ పొందుతూ, స్థలం ఆక్రమించినవారిని ఏమంటారమ్మా?"

"ఇన్‌పేషెంట్ అంటారండి" అంది మణిమాల, బళ్ళో ఎక్కం చెప్పినట్టు.

"మరి చేర్చుకోవడానికి అభ్యంతరం ఏమిటి?"

అభ్యంతరం ఏమిటో ఆవిడకీ తోచలేదు. సిలిండరులో గాలి తగ్గిపోతోంది. కంప్యూటర్లో ఒక పేరు కొడితే పోయేదేముంది అనుకుంది. చేర్పింపుల కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

కిటికీలో గుమస్తా పేరడిగాడు. దాత పేరు బయటపెట్టకూడదు కాబట్టి కాలేయం అని చెప్పింది. ఇంటిపేరు లేనిదే కంప్యూటరు ముందుకి పోనంది. కాసేపు ఆలోచించుకుని ఇద్దరూ 'మానవ' అని కొట్టారు. తండ్రి పేరు తెలియదన్నారు.

"బాధ ఏటండి?"

"ఏమిటి?"

"రోగికి బాధ ఏటని. అది కొట్టకపోతే నంబరు రాదండి. ఒంట్లో బాగోలేదని కొట్టీనా?"

"బాగానే ఉంది. ఒంట్లోనే లేదు."

అతను అలాగే కొట్టాడు. 'మానవ కాలేయం, బాధ: ఒంట్లో లేదు.' ఆక్సిజన్ వచ్చింది. మణిమాల ఊపిరి పీల్చుకుంది.

మనిషిని ఆసుపత్రిలో చేర్చాక ఇక ఆసుపత్రి ఊరుకోదు. ముందుగా ఒక నర్సు ఎత్తూ బరువూ చూడ్డానికి వచ్చి, బరువు రాసుకుని, ఎత్తు ఎటునుంచి ఎటు కొలవాలో తెలీక పెద్ద నర్సుని అడగడానికి వెళ్ళింది. తరవాత వంటశాల నుంచి బ్రెడ్డూ, పాలూ, ఉడకబెట్టిన గుడ్డూ వచ్చాయి. తెచ్చినతను యంత్రం మీద పళ్ళెం పెట్టబోతే మణిమాల అడ్డుపడింది. అతను "రోగి ఆహారం నిరాకరించెను" అని రాసుకుపోయాడు. దాంతో రోగి ఎందుకు తినడం లేదో కనుక్కోమని డ్యూటీ డాక్టరుకి కబురొచ్చింది.

పదిగంటలకి మద్యపాన విముక్తి సలహాదారు వచ్చాడు. మర్యాదస్తుడు. కాలేయం వార్డులో కొత్తగా చేరిన ప్రతివారికీ ఉపన్యాసం ఇవ్వమని అతనికి ఆదేశం. కొవ్వు పట్టిన కాలేయం అని కాగితంలో చూశాడు. యంత్రం ముందు కుర్చీ వేసుకుని, మణిమాలని ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"చూడండి, మీకింకా వయసుంది. నూనె పదార్థాలు తగ్గించండి. పొద్దున్నే లేచి నడవండి. సావాసాల విషయంలో జాగ్రత్త."

"ఎవరికి చెబుతున్నారండి?" అంది మణిమాల.

"ఏం చెయ్యమంటారు మేడమ్? చెప్పినట్టు సంతకం కావాలి. మనుషులు మాత్రం వింటున్నారా?" అన్నాడతను. ఆవిడ కాగితం అందుకుని సంతకం పెట్టింది.

తరవాత వచ్చింది కాపలాదారు. సహాయకులు లేని రోగిని వార్డులో ఉంచకూడదట. ఈ రోగి తాలూకు మనిషెవరని అడిగాడు. ఈ సంగతి మూడో వార్డు దాకా పాకి, అప్పలనరసమ్మ చెవిన పడింది. ఆవిడ మొగుణ్ణి పక్క మంచం ఆవిడకి అప్పజెప్పి, కిందికి దిగివచ్చి, గుమ్మంలో నిలబడింది.

"నానుంటానమ్మా ఈ బాబుకాడ" అంది.

ఆమె చేతికి సహాయకురాలి పట్టీ కట్టారు. గది గాజు తలుపు వెనక స్టూలు వేసుకుని కూచుంది. గాజులోంచి లోపలికి చాలాసేపు చూసింది. కాలేయం ఎర్రగా, మెత్తగా, రక్తం పోటుకి కొద్దికొద్దిగా కదులుతోంది.

"కన్నతల్లి ఏ ఊరమ్మా?"

"చెప్పకూడదమ్మా. రూలు."

"ఊరొద్దులే. ఉన్నాదా తల్లి?"

"ఉంది."

అప్పలనరసమ్మ పైటకొంగుతో గాజు తుడిచింది. "భయపడకు నాయనా. మావోడు మంచోడే. తిండికి లోటు సెయ్యడు" అంది లోపలికి. మణిమాల పక్కకి తిరిగి, అవసరం లేకపోయినా ఎవరికో ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికి దేవదానం నవ్వు మొహంతో వచ్చాడు. కాలేయం అడిగినదానికన్నా ఎక్కువే పనిచేస్తోంది. పైడిరాజుని ఆపరేషన్ థియేటరుకి తెమ్మన్నాడు. మణిమాల కాగితాలు పట్టుకుని విశ్వపతి గారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన ఈసారి కళ్ళు మూసుకోలేదు. కళ్ళజోడు తీశారు. అది ఇంకా ప్రమాదమని ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

"ఒక ఇన్‌పేషెంటుని తీసుకుపోయి ఇంకో ఇన్‌పేషెంటు లోపల పెట్టడానికి నిబంధనల్లో అవకాశం ఎక్కడుందమ్మా?"

"అది కాలేయం అండి."

"పొద్దున అయ్యుండొచ్చు. ఇప్పుడు రోగి. పైగా ఒకే మంచం మీద ఇద్దరు రోగులు ఉండరాదని కిందటి నెలే ఆదేశాలొచ్చాయి. పేపర్లో ఫోటో పడి ఎంత గొడవయిందో మీకు తెలీనిదా?"

సూపరింటెండెంట్ భానోజీరావు గారి గదిలో అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన వచ్చే నెల పదవీ విరమణ చేస్తున్నారు. ఆ నెల రోజులూ ఏ సంతకం పెట్టకుండా గడపాలన్నది ఆయన కోరిక.

"డిశ్చార్జి చేసేస్తే?" అన్నారు ఆశగా.

"డిశ్చార్జి అయిన రోగి గేటు దాటి వెళ్ళవలెను" అన్నారు విశ్వపతి గారు. "దాటాక అది మన ఆధీనంలో ఉండదు. తిరిగి తేవడానికి కొత్తగా చేర్పించవలెను. చేర్పిస్తే తిరిగి ఇన్‌పేషెంట్."

"పై ఆసుపత్రికి రిఫర్ చేద్దామా?"

"పైడిరాజు పై ఆసుపత్రి కాడు సార్."

"చనిపోయిందని రాసేస్తే?"

దేవదానం అంతవరకూ పేపరువెయిట్ తిప్పుతూ కూచున్నాడు. "చనిపోయిన కాలేయాన్ని నేను పెట్టలేను సార్" అన్నాడు.

"రోగి అంగీకారం ప్రశ్న కూడా ఉత్పన్నమవుతోంది" అన్నారు విశ్వపతి గారు. "రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే సహాయకులు ఒప్పుకోవలెను. సహాయకురాలు అప్పలనరసమ్మ. లబ్ధి పొందేది ఆమె భర్త. ఇది విచారణ సంఘానికి వెళ్ళవలసిన అంశం."

భానోజీరావు గారి మొహం వెలిగింది. "అయితే పై కార్యాలయానికి వివరణ కోరుతూ లేఖ రాద్దాం. వారి నుండి తగు ఆదేశాలు రాగానే తగు చర్య తీసుకుందాం."

"యంత్రంలో రేపు పొద్దుటిదాకా ఉంచొచ్చు" అన్నాడు దేవదానం. "పైడిరాజుని అంతసేపు ఉంచగలనో లేదో చెప్పలేను."

ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడాయి. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరికీ పైడిరాజు మీద కక్ష లేదు. అందుకే మణిమాలకి భయం వేసింది. చెడ్డవాళ్ళయితే తిట్టొచ్చు, కాళ్ళయినా పట్టుకోవచ్చు.

ఆవిడ లేచింది. "విశ్వపతి గారూ, ఒకసారి పైకి రండి. రోగిని మీరు చూడలేదు కదా. చూడకుండా ఫైలు కదపకూడదంటారు మీరే."

ఆయన కాదనలేకపోయారు. అది ఆయన మాటే.

మూడో వార్డులో పైడిరాజు పందిట్లో ఉన్నాడు. తెల్ల చొక్కా, కళ్ళజోడు చూసి విశ్వపతి గారిని పెళ్ళికూతురి తండ్రి అనుకున్నాడు. లేవబోయాడు. లేవలేక, పడుకునే నమస్కారం పెట్టాడు.

"రండి బాబూ. అంతా సిద్ధంగున్నాది. ఎంతమందికి ఆకులెయ్యమంటారు?"

విశ్వపతి గారు మణిమాలని చూశారు. ఆవిడ సాయం చెయ్యలేదు.

"ఇంకొకరు వస్తే... చోటు చాలదేమో" అన్నారు ఆయన చివరికి. అబద్ధం ఆడడం ఆయనకి చేతకాదు.

"అదేటి బాబూ అలాగంటారు. వచ్చినోడిని సోటు నేదని గుమ్మంలో నిలబెట్టీడం ఎక్కడైనా ఉన్నాదా. ఈ పందిట్లో నేకపోతే పక్క పందిట్లోకి మార్సీయండి. వడ్డించీవోడిని నాను కాదేటి." అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం దుప్పటి మీద ఇంకా గరిటె తిప్పుతోంది.

విశ్వపతి గారు ఆ చేతిని చూస్తూ నిలబడిపోయారు. ఆయన పెదాలు కదిలాయి. ఏదో మంత్రం చదువుకుంటున్నారేమో అనుకుంది మణిమాల. ఆయన మెట్లు దిగి, నడక మరిచిపోయి దాదాపు పరుగెత్తి, సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళారు.

"మార్చడం" అన్నారు రొప్పుతూ. "రోగిని ఒక వార్డు నుంచి మరో వార్డుకి మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు సార్. డ్యూటీ డాక్టరు చీటీ చాలు."

"ఏ వార్డుకి?" అన్నారు భానోజీరావు గారు.

"పైడిరాజు వార్డుకి."

"అలాంటి వార్డు లేదే."

"ఏర్పాటు చేద్దాం. నాలుగు పక్కలా గోడలు, పైన కప్పు, ఒక తలుపు ఉండి, కనీసం ఒక రోగికి వసతి కల్పించగలిగిన స్థలాన్ని వార్డుగా గుర్తించే అధికారం తమరికుంది. డాక్టర్ గారూ, పైడిరాజుకి గోడలున్నాయా?"

"ఉన్నాయి. కడుపు గోడ అనే అంటాం మేము" అన్నాడు దేవదానం.

"కప్పు?"

"పక్కటెముకలు."

"తలుపు?"

"తలుపు నేను పెడతాను" అన్నాడు దేవదానం, లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోతూ.

భానోజీరావు గారు సంతకం పెట్టారు. పెట్టేముందు, వార్డు నిర్మాణానికి ప్రభుత్వంపై అదనపు భారం లేదని ఒక వాక్యం చేర్పించారు. పైడిరాజు అనే రోగిని వార్డుగా ఉన్నతీకరించడమైనదని ఉత్తర్వు వెలువడింది. పైడిరాజుని థియేటరుకి తోసుకుపోతుంటే, స్ట్రెచరుకి అట్టముక్క మీద రాసిన బోర్డు వేలాడింది: 'పైడిరాజు వార్డు. మంచాలు: ఒకటి. బూట్లతో ప్రవేశం లేదు.'

ఆపరేషన్ పొద్దుగూకేదాకా సాగింది. బయట బెంచీ మీద అప్పలనరసమ్మ, మణిమాల కూచున్నారు. విశ్వపతి గారు ఇంటికి వెళ్ళలేదు. నడవాలో అటూ ఇటూ తిరుగుతూ, మధ్యమధ్య వచ్చి, "మార్పు సజావుగా జరుగుతోందా?" అని అడిగి వెళ్ళారు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉండడం మణిమాల గమనించింది.

దేవదానం మాస్కు కిందికి లాక్కుంటూ బయటికి వచ్చాడు. రక్తం వదలగానే కాలేయం గులాబీరంగుకి తిరిగిందన్నాడు. లోపల తన పని మొదలెట్టేసిందన్నాడు. అప్పలనరసమ్మ అతని కాళ్ళ మీద పడబోయింది. అతను పట్టుకుని లేపాడు. విశ్వపతి గారు చీటీ ముందుకు చాపారు. దేవదానం 'రోగి క్షేమంగా వార్డుకి చేరెను' అని రాసిచ్చాడు.

నాలుగో రోజున పైడిరాజుకి పూర్తిగా తెలివొచ్చింది. పందిళ్ళు లేవు. భార్యని గుర్తుపట్టాడు. ఆకలేస్తోందన్నాడు. పైడిరాజు రోగి కాడు కాబట్టి అతనికి ఆహారం లేదన్నారు. లోపలి రోగికి మాత్రం రోజూ బ్రెడ్డూ పాలూ గుడ్డూ వచ్చేవి. అవి వార్డే తినేసేది. పారిశుద్ధ్య సిబ్బంది వచ్చి, వార్డుకి ఫినాయిల్ ఎక్కడ కొట్టాలని అడిగారు. మణిమాల వాళ్ళకి దణ్ణం పెట్టి పంపేసింది.

పైడిరాజు కళ్ళల్లో పసుపు పోయింది. కడుపు తగ్గింది. కర్ర పట్టుకుని నడవా చివరిదాకా నడిచాడు. ఇంటికి వెళ్ళొచ్చని దేవదానం అన్నాడు.

విశ్వపతి గారు చాలా బాధపడుతూ చెప్పారు: "వార్డుని డిశ్చార్జి చేసే పద్ధతి లేదమ్మా. ఆసుపత్రి ఆస్తి ప్రాంగణం దాటి పోరాదు."

పైడిరాజు మంచం మీద కూచుని అంతా విన్నాడు. "మరి నన్నిక్కడే ఉంచీసుకుంటారేటి బాబూ?"

"ఆలోచిస్తున్నానయ్యా" అన్నారు విశ్వపతి గారు. నిజంగానే ఆలోచించారు. భోజనం మానేసి ఆలోచించారు. ఆఫీసులో ఏమైనా అయిందా అని వాళ్ళావిడ మణిమాలకి ఫోన్ చేసి అడిగింది. రెండోనాడు ఆయన దూరపల్లెలకు సంచార వైద్య సదుపాయాలపై ఎప్పటిదో ఒక పథకం వెలికితీశారు. ప్రతి ఆసుపత్రికీ ఒక సంచార వార్డు ఉండవలెనని అందులో ఉంది. పెద్దాసుపత్రికి ఇన్నాళ్ళూ లేదు. ఇప్పుడుంది. వార్డు తన సొంత కాళ్ళ మీద ఎక్కడికైనా వెళ్ళవచ్చు. వెళ్ళిన చోట నెలకోసారి పరిపాలనాధికారి తనిఖీ చేయవలెను. అంతే.

వార్డు ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

మొదటి తనిఖీకి విశ్వపతి గారు మణిమాలని వెంటబెట్టుకుని వెళ్ళారు. దారి ఆవిడకే తెలుసు. పెంకుటింటి అరుగు మీద పైడిరాజు ముక్కుకి మాస్కు కట్టుకుని, మునక్కాడలు విరుస్తున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు. పెళ్ళి వంటలకి ఇంటి నుంచే లెక్కలు చెబుతున్నాడట, పొయ్యి దగ్గరికి ఇంకా వెళ్ళొద్దన్నారని. అప్పలనరసమ్మ కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది. చేతికి ఆ సహాయకురాలి పట్టీ ఇంకా ఉంది. ఎవరూ విప్పమనలేదట.

విశ్వపతి గారు నిటారుగా కూచున్నారు.

"వార్డు పరిశుభ్రత ఎలా ఉంది?"

"రెండుపూట్లా నీళ్ళోసుకుంటన్నాను బాబూ" అన్నాడు పైడిరాజు.

"గాలీ వెలుతురూ?"

"డాట్రుగారు కిటికీ పెట్టనేదండి."

అది ఆయన సీరియస్‌గానే రాసుకున్నారు.

"మందులు వేళకి అందుతున్నాయా?"

"అందుతన్నాయండి. అదే ఇస్తాది" అని భార్యని చూపించాడు.

"రోగి పరిస్థితి ఎలా ఉంది?" అన్నారు విశ్వపతి గారు కాస్త గట్టిగా, తనిఖీల్లో అడిగే గొంతుతో.

అప్పలనరసమ్మ వచ్చి మొగుడి పక్కన కూచుంది. కుడిపక్క, ఎముకల కింద, చొక్కా మీంచే అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. పైడిరాజు కదలకుండా, మునక్కాడ చేతిలోనే పట్టుకుని కూచున్నాడు.

"ఇప్పుడే కునుకు పట్టీసినాడు బాబూ" అంది. "మెల్లగా మాటాడండి."

విశ్వపతి గారు మిగిలిన ప్రశ్నలన్నీ గొంతు తగ్గించి అడిగారు.